బడి మిత్రులు: ఏడాదికోసారి కొడిగెనహళ్ళా, నెలకోసారి లాల్‌బాగా?

1972లో మొదలైన కొడిగెనహళ్ళి గురుకులంలో చదివి బెంగళూరులో స్థిరపడ్డవాళ్ళకు ఏటా ఇదే తర్జనభర్జన: పాత మిత్రులు ఏడాదికోసారి బడికే వెళ్ళి కలవాలా, నెలకోసారి ఊళ్ళోని లాల్‌బాగ్ తోటలో కలవాలా అని.

ఖర్చు: బడి హిందూపురం పక్కనే, ఇక్కణ్ణుంచి సుమారు 100 కిలోమీటర్లు. కారు, భోజనాలు, గది కలిపితే జేబుకు బాగానే తగులుతుంది. లాల్‌బాగ్‌కైతే మెట్రో టికెట్టు, ఆ తర్వాత తలా ఒక దోసె.

శ్రమ: అక్కడికి రెండు నెలల ముందు నుంచే ఫోన్లు, చందాలు, లెక్కలు. ఆ భారమంతా ఎప్పుడూ ఒక్కడి నెత్తినే. పాపం, వాడు ఫొటోల్లో కూడా ఉండడు. ఇక్కడికి శనివారం రాత్రి వాట్సాప్‌లో ఒక్క మాట చాలు.

ఇబ్బంది: పెద్ద కలయికలో ఎవరి జీతమెంత, ఎవరి పిల్లలు అమెరికాలో అన్న ఆరాలు తప్పవు. ఉద్యోగం పోయినవాడు రానే రాడు. లాల్‌బాగ్ బండమీద నలుగురు కూర్చుంటే వాడే నోరు విప్పుతాడు. కాకపోతే నెలనెలా అనుకున్నది మూడో నెలకే జారిపోతుంది, వాన వస్తే అంతే సంగతులు.

కుటుంబాలు: డార్మిటరీ కబుర్లు మనకు అమృతం, ఇంటావిడకు ఆవలింత. పిల్లలకైతే మరీను. పార్కులో వాళ్ళ ఆట వాళ్ళది. ఆడవాళ్ళకూ వేరే స్నేహాలు కలుస్తాయి.

పాతికేళ్ళ పండగకో, ముసలి మాస్టార్లను చూడాలనుకున్నప్పుడో కొడిగెనహళ్ళికే వెళ్ళాలి. కష్టసుఖాలు చెప్పుకోవడానికి, పిల్లల్ని కలపడానికి మాత్రం నా ఓటు లాల్‌బాగ్‌కే.