ట్రావెల్స్, లాడ్జీలకు వెబ్‌సైట్ చేయించుకునేవాళ్ళూ, జాగ్రత్త: మా బుకింగ్ ఫారమే మా కొంప ముంచింది

తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోన్. నెల్లూరు నుంచి వచ్చిన పార్టీ, తిరుపతి స్టేషన్ బయట పిల్లలతో నిలబడి ఉన్నారు. "ఏవండీ, ఇన్నోవా ఎక్కడ? కాణిపాకం, శ్రీకాళహస్తికని రెండు వేలు అడ్వాన్స్ కట్టాం కదా!" ట్రిప్ షీట్‌లో బుకింగ్ ఉంది, నా ఖాతాలో డబ్బు లేదు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. పైన మా ట్రావెల్స్ పేరే ఉంది, క్యూఆర్ కింద యూపీఐ ఐడీ మాత్రం నాది కాదు.

ముందు బండి పంపించి, తర్వాత సైట్ తెరిచాను. పేమెంట్ పేజీలో క్యూఆర్ బొమ్మ మారి మూడు రోజులైంది. ఆ మూడు రోజుల్లో పదకొండు బుకింగులు, 23,500 రూపాయలు ఎవడి ఖాతాలోకో పోయాయి. మాట పోకూడదని అన్ని ట్రిప్పులూ తిప్పాను. డీజిల్, డ్రైవర్ల బేటా అన్నీ నా జేబులోంచే.

ఈ సైట్‌ని 2023లో మన ఊళ్ళోనే ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో 45,000 పెట్టి కొన్నాను. ఫిర్యాదు ఇచ్చాను కాబట్టి పేరు రాయను. ఫోన్ చేస్తే అక్కడి అబ్బాయి అన్న మొదటి మాట: "నీ పాస్‌వర్డ్ ఎవరికో చెప్పింటావులే అన్నా." రెండో మాట: "ఎస్‌ఎస్‌ఎల్ వేసినాం కదన్నా, పైన తాళం బొమ్మ చూడు." నేనూ నిజమే కాబోలనుకున్నాను.

ఆదివారం మా అక్క కొడుకు వచ్చాడు, ఎంసీఏ చదువుతున్నాడు. బుకింగ్ ఫారంలో 'ఏమైనా చెప్పాలా' అనే గడి ఉంటుంది, చైల్డ్ సీటు కావాలి, వీల్‌చైర్ ఉంది, అట్లాంటివి రాసుకునేందుకు. అందులో రెండు కోణపు బ్రాకెట్ల మధ్య బి (<b>, వెబ్‌పేజీ భాషలో లావు అక్షరాలకి గుర్తు) అని కొట్టి, పక్కన తన పేరు రాసి పంపాడు. కన్ఫర్మేషన్ పేజీలో బ్రాకెట్లూ బి అక్షరమూ కనబడలేదు, వాడి పేరు మాత్రం లావు అక్షరాల్లో కూర్చుంది. "అయిపోయింది మామా. నీ సైట్ ఎవడేం రాసినా పేజీలో భాగమనుకుని నడిపించేస్తుంది. నువ్వు అడ్మిన్ పేజీ జోలికి పోవద్దు" అన్నాడు. డేటాబేస్ తెరిస్తే ఒక బుకింగ్‌లో పేరు మామూలుగానే ఉంది, ఆ గడిలో మాత్రం నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్, అంటే పేజీ తెరవగానే బ్రౌజర్ నడిపించే ప్రోగ్రామ్.

దీన్నే క్రాస్ సైట్ స్క్రిప్టింగ్ అంటారు. నేను ఆఫీసులో అడ్మిన్ పేజీ తెరిచి బుకింగులు చూసుకోగానే ఆ నాలుగు లైన్లు నా బ్రౌజర్‌లో పనిచేసి నా సెషన్ కుకీని బయటికి పంపేశాయి. చెప్పుల స్టాండులో మన మొహం చూడరు, టోకెన్ చూసి చెప్పులిస్తారు. సర్వర్‌కి సెషన్ కుకీ ఆ టోకెన్ లాంటిది. అది చేతికొచ్చాక దొంగకి నా పాస్‌వర్డ్‌తో పనేముంది? నా పేరుతోనే లోపలికొచ్చి క్యూఆర్ మార్చేశాడు. తాళం బొమ్మకి అర్థం, దారిలో ఎవరూ తొంగిచూడలేరని మాత్రమే. మూటలోనే విషముంటే అది విషాన్నే భద్రంగా చేరవేస్తుంది.

ఇదేమైనా కొత్త జబ్బా అంటే కాదు. 2000 సంవత్సరంలోనే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు దీనికి ఈ పేరు పెట్టారు. 2005 అక్టోబరులో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్‌లో 19 ఏళ్ళ కుర్రాడొకడు తన ప్రొఫైల్‌లో ఇట్లాంటి స్క్రిప్టే పెడితే, ఒక్క రోజు తిరక్కుండా 10 లక్షల మంది ప్రొఫైళ్ళకు పాకింది. మందూ పాతదే: జనం రాసింది పేజీలో చూపించేటప్పుడు ఆ కోణపు బ్రాకెట్లను మామూలు అక్షరాలుగా మార్చేయాలి. 45,000 తీసుకున్నవాళ్ళు ఆ పని చేయలేదు.

ఇంకోటి కూడా బయటపడింది. సైట్ అడ్రస్ చివర పిచ్చి అక్షరాలు కొట్టి చూడమన్నాడు. 404 పేజీ, అంటే 'అట్లాంటి పేజీ లేదు' అనే పేజీ వచ్చింది, అడుగున అపాచీ టామ్‌క్యాట్ 6.0.18 అని ఉంది. సైట్‌ని నడిపించే సర్వర్ సాఫ్ట్‌వేర్ పేరది. టామ్‌క్యాట్ 6కి సపోర్ట్ 2016 డిసెంబరు 31తో ఆగిపోయింది. 2023లో నాకు అంటగట్టింది దాన్ని! నేర్చుకునేవాళ్ళ కోసం సర్వర్‌తో పాటు వచ్చే ఎగ్జాంపుల్స్ ఫోల్డర్ కూడా తీయకుండా వదిలేశారు. అందులోని క్యాలెండర్ పేజీలో ఇదే రకం కన్నం ఉందని 2009లోనే బయటపడింది, ఆ తర్వాతి వెర్షన్‌లో పూడ్చేశారు కూడా. నన్ను ముంచింది ఆ కన్నం కాదు, మనవాళ్ళు రాసిన ఫారమే. కానీ టామ్‌క్యాట్ 7 నుంచి సెషన్ కుకీకి హెచ్‌టీటీపీ ఓన్లీ అనే కాపలా మనం అడగకుండానే ఉంటుంది, స్క్రిప్ట్‌కి కుకీ కనబడదు. అదుంటే టోకెన్ ఇంత సులువుగా పోయేది కాదు. అప్పుడైనా స్క్రిప్ట్ నా బ్రౌజర్‌లోనే కూర్చుని నా పేరుతో బటన్లు నొక్కగలదనుకోండి, అది వేరే సంగతి.

కాబట్టి డబ్బు కట్టేముందు డెమోలో వాళ్ళ ఎదురుగానే ఆ లావు అక్షరాల పరీక్ష పెట్టండి. 404 పేజీ తెప్పించండి. టామ్‌క్యాట్ వెర్షన్ 8.5 అన్నా ఒప్పుకోవద్దు, దానికీ 2024 మార్చి 31న సపోర్ట్ అయిపోయింది. ఏడాదికి ఏఎంసీ (మెయింటెనెన్స్ ఖర్చు) అని తీసుకునేదాంట్లో సర్వర్ అప్‌డేట్లు ఉన్నాయా లేవా, కాగితం మీద రాయించుకోండి. నా కాగితంలో 'మెయింటెనెన్స్' అనే ఒక్క మాటే ఉంది, దాని అర్థం పండగలకి బ్యానర్ మార్చడమట. ఈ పరీక్షలు మీ సైట్ మీదే చేయండి, లేదా అమ్మేవాళ్ళు ఒప్పుకున్న డెమో మీద. అనుమతి లేకుండా పరాయివాళ్ళ సైట్‌లో వేలు పెడితే ఐటీ చట్టం 2000 మీ మీదకే వస్తుంది.

డబ్బు పోయిన గంటల్లోనే అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. నేను మూడు రోజులు ఆలస్యం.

మీ సైట్‌లో పైన శేషాచలం కొండల ఫోటోలు తిరుగుతూ, కింద పసుపు రంగు బుకింగ్ డబ్బా, అందులో 'ఏమైనా చెప్పాలా' అనే గడి ఉంటే అది నాకు అమ్మిన సరుకే అయ్యుండొచ్చు. పాస్‌వర్డ్ మార్చి ఊరుకుంటే లాభం లేదు. స్క్రిప్ట్ దాచిన బుకింగ్ డేటాబేస్‌లో ఉన్నంతకాలం, మీరు అడ్మిన్ పేజీ తెరిచిన ప్రతిసారీ అది మళ్ళీ పనిచేస్తుంది. తెలిసినవాళ్ళ చేత ముందు దాన్ని తీయించండి, సెషన్లన్నీ రద్దు చేయించండి, ఆ తర్వాతే పాస్‌వర్డ్. పేమెంట్ పేజీలో క్యూఆర్‌ని మీ ఫోన్‌తోనే స్కాన్ చేసి ఎవరి పేరు వస్తుందో ఇప్పుడే చూసుకోండి.