కళాచరిత్ర పాఠానికి డిజిటల్ చిత్రసంగ్రహాలు: వాడిన మీదట నా అభిప్రాయం

హనుమకొండలో డిగ్రీ విద్యార్థులకు భారతీయ కళాచరిత్ర బోధించడానికి కొన్నేళ్లుగా నేను ముఖ్యంగా రెండు డిజిటల్ సంగ్రహాలను వాడుతున్నాను: ఒకటి న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వారిది, రెండోది ఎవరైనా స్వచ్ఛందంగా ఫోటోలు ఎక్కించగల వికీమీడియా కామన్స్ అనే వెబ్‌సైటు.

మెట్రోపాలిటన్ మ్యూజియం కాపీరైటు లేని తన కళాఖండాల ఫోటోలను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని 2017లో ప్రకటించింది. ఫోటోల నాణ్యత సరే, వాటి పక్కన ఇచ్చే కొలతలే నాకు ఎక్కువగా పనికివచ్చాయి. తెర మీద అరచేతి బొమ్మకూ నిలువెత్తు విగ్రహానికీ తేడా ఉండదు. అక్కడి చోళుల కాలపు పార్వతి కాంస్య విగ్రహాన్ని చూసి పిల్లలు మనిషంత ఎత్తు అనుకుంటారు. నిజానికి అది సుమారు 70 సెంటీమీటర్లే. అందుకే ముందుగా ఆ ఎత్తును గోడ మీద సుద్దముక్కతో గీయించి, ఆ తరువాతే ఫోటో వేస్తాను.

1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి దగ్గరికి వచ్చేసరికి, కొంతవరకు ఫోటోదే పైచేయి అని ఒప్పుకోవాలి. చూరు కింద ఏటవాలుగా నిలిపిన నల్లరాతి మదనికలను, అంటే స్త్రీమూర్తుల శిల్పాలను, కింద నుంచి తలెత్తి చూస్తే, వెనకనున్న ఆకాశపు వెలుతురుకు ముఖాలు మసకబారి మెడనొప్పే మిగులుతుంది. కామన్స్‌లోని పెద్ద ఫైలును తెరిచి చూపితే ఎత్తు మడమల పాదరక్షలు, హారాల వరుసలు విడివిడిగా తెలుస్తాయి. అయితే ఆ దగ్గరి ఫోటోల్లో చూరూ స్తంభమూ కత్తిరింపులో పోతాయి కాబట్టి, అది విడిగా నిలిపిన విగ్రహమనే భ్రమ కలుగుతుంది. గుడి మొత్తం కనిపించే ఫోటోతో మొదలుపెట్టి, స్తంభం మీదుగా మదనిక దాకా రావడమే దీనికి విరుగుడు. (మా ప్రొజెక్టరు ఎర్ర ఇసుకరాయిని గులాబీ రంగులో చూపిస్తుంది, దానికి మాత్రం విరుగుడు దొరకలేదు.)

స్వచ్ఛందంగా ఎక్కించే ఫోటోల కింది వివరణలను నమ్ముకుని పాఠం చెప్పకూడదు. వరంగల్ కోటలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు ఒకే పోలికతో ఉండగా, ఏ దిక్కుదో చెప్పకుండా ‘వరంగల్ కోట’ అని మాత్రమే రాసిన ఫోటోలు తరచూ ఎదురవుతాయి. నీడలనూ పక్క కట్టడాలనూ బట్టి దిక్కు తేల్చమని విద్యార్థులకు అప్పగిస్తే, ఆ లోపమే మంచి అభ్యాసంగా మారింది.

చేర్యాల పటాల పాఠానికి మాత్రం వీటిని వాడటం మానేశాను. కథకుడు పాడుతూ ఒక్కొక్క అడ్డపట్టీనీ విప్పుకుంటూ పోవలసిన పొడవాటి పటంలోంచి ఒకటి రెండు గళ్ళు తెర మీద వేస్తే, కథ ఎటు నుంచి ఎటు నడుస్తుందో తెలియదు.