వెనిగరా, వంటసోడానా?

ఇంట్లోనే క్లీనర్ తయారుచేసుకునేవాళ్లు ముందుగా అందుకునేవి ఈ రెండే. చేసే పని మాత్రం పూర్తిగా వేరు.

వెనిగర్ ఆమ్లం. మామూలు సీసాలో ఎసిటిక్ ఆమ్లం సుమారు 5 శాతం ఉంటుంది. కుళాయి చుట్టూ, కెటిల్ అడుగున పేరుకునే తెల్లటి పొర చాలావరకు కాల్షియం కార్బొనేట్. దాన్ని కరిగించడంలో వెనిగర్‌దే పైచేయి. తడిపిన గుడ్డ చుట్టి అరగంట వదిలేయండి, రుద్దే బాధ తగ్గుతుంది. పాలరాయి జోలికి మాత్రం పోవద్దు. అదీ కాల్షియం కార్బొనేటే, మెరుపు పోతుంది. బ్లీచ్‌తో అసలు కలపకూడదు, విషపు క్లోరిన్ వాయువు పుడుతుంది.

వంటసోడా స్వల్ప క్షారం, పైగా మెత్తగా రాపిడి ఇస్తుంది. సింకు జిడ్డుకీ, ఫ్రిజ్‌లో వాసనకీ నా ఓటు దీనికే. అల్యూమినియం గిన్నెలు నల్లబడొచ్చు.

రెండూ కలిపితే బుసబుసా పొంగుతుంది, చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ ఒకదాన్నొకటి తటస్థం చేసుకుంటాయి. చివరికి మిగిలేది సోడియం ఎసిటేట్ కలిసిన నీళ్లే. మూత బిగించారంటే కార్బన్ డయాక్సైడ్ ఒత్తిడికి సీసా పగలొచ్చు.

ముఖానికి వంటసోడా రుద్దుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. చర్మం పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత; 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 5 దగ్గర ఉంటుంది, సోడాది 8 పైమాటే.