రిచీ స్ట్రీట్ పవర్ సప్లై: మట్టిలో దొరికిన యుద్ధకాలపు ఇనుముకు పనికొస్తుందా?

చెన్నై రిచీ స్ట్రీట్‌లో 30 వోల్టుల, 5 ఆంపుల డీసీ పవర్ సప్లైలు చాలా షాపుల్లో దొరుకుతాయి. సెల్‌ఫోన్ రిపేర్ చేసేవాళ్ల కోసం పెట్టిన సరుకది. రెండో ప్రపంచయుద్ధం నాటి తుప్పు సామానును సోడా నీళ్లలో ముంచి, కరెంటు పంపి తుప్పు వదిలించడానికీ (ఎలక్ట్రోలిసిస్) బాగానే పనికొస్తుంది. కాకపోతే డబ్బాతో వచ్చే క్లిప్పులు దండగ, 5 ఆంపులన్న మాట పైకి చెప్పుకోవడానికే. 2 ఆంపుల దగ్గర రోజంతా నడుస్తుంది, 4 దాటితే ఫ్యాను ఊళ వేస్తుంది.

కార్ బ్యాటరీ చార్జర్ ఉంటే చాలదా? ఇప్పటి స్మార్ట్ చార్జర్లు బ్యాటరీ తగలందే కరెంటు వదలవు. పాతవి వదులుతాయి గానీ వాటికి కళ్లెం ఉండదు. ఈ డబ్బాలో సీసీ (కాన్‌స్టంట్ కరెంట్, అంటే కరెంటు పెరగకుండా పట్టి ఉంచడం) లైటు వెలిగేలా నాబ్ తిప్పితే కరెంటు అక్కడే ఆగిపోతుంది.

1944 కొహిమా పోరు నాటి బ్రిటిష్ ఇండియా సైనికుడి 1937 పాటర్న్ (ఆ ఏటి నమూనా) తవ్వుకోలనే, అంటే కందకం తవ్వుకునే పనిముట్టునే తీసుకోండి. ఒకవైపు చిన్న పార, ఇంకోవైపు గునపం మొన ఉన్న ఇనుప తల. ప్లాస్టిక్ బకెట్‌లో 15 లీటర్ల నీళ్లు, 4 పెద్ద చెంచాల చాకలి సోడా (వంటసోడా కాదు). ఉప్పు చిటికెడు కూడా వద్దు, క్లోరిన్ పుడుతుంది. చుట్టూ మామూలు ఇనుప రేకు వంచి పెట్టి దానికి ఎర్ర క్లిప్, వస్తువుకు నల్ల క్లిప్. ఇవి తారుమారైతే తుప్పు బదులు వస్తువే కరిగిపోతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ రేకు వాడితే నీళ్లలో విషపు క్రోమియం చేరుతుంది. జింకు పూత రేకూ వద్దు.

నల్ల క్లిప్ పట్టే చోట ఆకురాయితో రుద్ది, గోరంత మెరిసే ఇనుము బయటపెట్టాలి. నాబ్ ఎంత తిప్పినా మీటరు 0.1 ఆంపు దాటకపోతే ముందు చూడాల్సింది అక్కడే. సరిగ్గా తగిలాక 1.5 ఆంపుల దగ్గర 24 గంటలు వదిలేయండి. మధ్యలో వోల్టేజీ తనంతట తాను పైకి పాకుతోందంటే రేకు గోధుమరంగు బురద పట్టిందన్నమాట. తీసి గీకి మళ్లీ పెట్టాలి. ఈ ఒక్క సూచన కోసమైనా డబ్బా కొనొచ్చు. పెచ్చులు మెత్తబడి, పళ్లు తోముకునే బ్రష్‌తో రుద్దితే నల్లటి మడ్డిగా ఊడొస్తాయి. అక్షరాలు, బ్రిటిష్ ప్రభుత్వ సొత్తని చెప్పే బాణం గుర్తు బయటపడేది అప్పుడే. తొందరపడి వైర్ బ్రష్ పెడితే తుప్పుతో పాటు అవీ పోతాయి.

పెద్ద లోపం ఫ్యాను. బుడగలు ఎగజిమ్మే సోడా తుంపరను లోపలికి లాగి బోర్డును తినేస్తుంది. డబ్బాను బకెట్‌కు మీటరు దూరంలో, ఎత్తున పెట్టండి. ఎర్ర క్లిప్ నీళ్లకు తగిలితే ఒక్క రాత్రిలో పచ్చబడి తెగుతుంది. వేరే మందపాటి వైర్లు కొనుక్కోవాల్సిందే. కరెంటు పోయి వస్తే అవుట్‌పుట్ బటన్ మళ్లీ నొక్కాలి, మన ఊళ్లలో ఇదో విసుగు. బుడగల్లో వచ్చేది మండే హైడ్రోజన్, గాలి ఆడే చోటే పెట్టండి. ముందు స్విచ్ ఆపి, తర్వాతే క్లిప్ తీయండి. నిప్పురవ్వ ఒక్కటి చాలు.

అల్యూమినియం మెస్ టిన్నులు (సైనికుల తిండి గిన్నెలు) ఈ నీళ్లలో కరిగిపోతాయి. రంగు మిగిలిన హెల్మెట్లు వేస్తే ఆ పాత పెయింటంతా లేచిపోతుంది. స్ప్రింగులూ వద్దు, హైడ్రోజన్ చేరి పెళుసెక్కుతాయి. పేలని తూటాలు, షెల్స్ సంగతి చెప్పనక్కర్లేదు, ముట్టుకోకుండా పోలీసులకు చెప్పాలి. తుపాకీ భాగాలకు 1959 ఆయుధాల చట్టం ఉంది.

అసలు పని ఆ తర్వాతే ఉంది. మట్టిలోంచి చేరి ఇనుము లోపల దాగిన ఉప్పు పోకపోతే నెలలోపే గుంటల్లో తడి చుక్కలు, నారింజ పొడి కనిపిస్తాయి, సముద్రపు గాలి ఉన్న చెన్నైలో ఇంకా త్వరగా. బోరు నీళ్లు కాదు, బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మారుస్తూ ఉండండి. ఆ నీళ్లు కొంచెం తీసి, ముందు నైట్రిక్ ఆమ్లం చుక్క, తర్వాత సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మబ్బు పట్టకూడదు, పడితే ఉప్పు ఇంకా ఉన్నట్టే. ఆమ్లం వేయకపోతే మిగిలిన సోడాకే తెల్లబడి మోసం చేస్తుంది. ఆరబెట్టి, 5 నుంచి 10 శాతం టానిక్ ఆసిడ్ (కరక్కాయలో ఉండే వగరు పదార్థం లాంటిది) పూస్తే నీలి నలుపు తిరుగుతుంది. కలంకారీలో కరక్కాయ మీద ఇనుప నీళ్లతో తెచ్చే నలుపూ ఇలాంటిదే. పైన తడి తగలకుండా మైక్రోక్రిస్టలైన్ మైనం (పెట్రోలియం నుంచి తీసే మైనం) పలచగా రుద్దాలి.

కొనేముందు కౌంటర్ మీదే కరెంటు 2 ఆంపులకు కట్టి, రెండు క్లిప్పులూ కలిపి పది నిమిషాలు ఉంచమనండి. అంకె కదలకుండా నిలిస్తే తీసుకోండి. సణిగితే పక్క షాపుకు వెళ్లండి.