ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ రివ్యూ: వైఫై భద్రతకు మంచిదే, ఆ మిక్స్‌డ్ మోడ్‌తోనే జాగ్రత్త

కంపెనీ అప్‌డేట్లు ఆపేసిన రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ అనే ఈ ఉచిత ఫర్మ్‌వేర్ (రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) నిజంగా కొత్త ప్రాణం. దాని 19.07 వెర్షన్‌లో డబ్ల్యుపీఏ3 (వైఫైకి కొత్త తరం భద్రతా పద్ధతి) కావాలంటే ప్యాకేజీ విడిగా ఎక్కించాల్సి వచ్చేది. 21.02 నుంచి దాంతోపాటే వస్తోంది.

ఇన్‌స్టాల్ అయ్యాక వైఫై కనబడకపోతే కంగారుపడొద్దు, అది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. కేబుల్ పెట్టి బ్రౌజర్‌లో 192.168.1.1 తెరవండి. రూట్‌కి (అడ్మిన్ ఖాతాకి) అప్పటికి పాస్‌వర్డే ఉండదు కాబట్టి ముందు అది పెట్టండి. తర్వాత మెనూలో వరసగా నెట్‌వర్క్, వైర్‌లెస్, ఎడిట్, వైర్‌లెస్ సెక్యూరిటీ.

వైఫై తొలి భద్రతా పద్ధతి డబ్ల్యుఈపీ (1997) 2001కే బద్దలైంది, దాని ఊసే వద్దు. 2003లో పాత హార్డ్‌వేర్ మీదే నడిచేలా తెచ్చిన టీకేఐపీ దానికి తాత్కాలిక మరమ్మతు. ఇప్పుడు అది పెడితే భద్రతే కాదు, స్పీడూ పోతుంది: 54 ఎంబీపీఎస్ దాటదు. 2004 నాటి డబ్ల్యుపీఏ2లో ఏఈఎస్ అనే గుప్తీకరణ ఇప్పటికీ గట్టిదే. బలహీనత పాస్‌వర్డ్ దగ్గరుంది. ఫోన్ కనెక్టయ్యేటప్పుడు రౌటర్‌తో జరిపే పలకరింపు సందేశాలను (హ్యాండ్‌షేక్) పట్టుకున్నవాడు తీరిగ్గా తన కంప్యూటర్లో లక్షల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించవచ్చు. డబ్ల్యుపీఏ3లోని కొత్త హ్యాండ్‌షేక్ ఎస్ఏఈ ఆ దారి మూసేసింది: ప్రతి ఊహకూ రౌటర్‌ని అడగాల్సిందే.

నాకు నచ్చనిది ఒకటే. ఒకే పేరు మీద రెండు పద్ధతులనూ అనుమతించే డబ్ల్యుపీఏ2/డబ్ల్యుపీఏ3 మిక్స్‌డ్ మోడ్‌కి కూడా మెనూలో "స్ట్రాంగ్ సెక్యూరిటీ" అని రాసి ఉంటుంది. రెండింటికీ పాస్‌వర్డ్ ఒక్కటే కదా! అదే పేరుతో దొంగ డబ్ల్యుపీఏ2 నెట్‌వర్క్ పెట్టి ఫోన్ నుంచి హ్యాండ్‌షేక్ రాబట్టవచ్చని 2019లో డ్రాగన్‌బ్లడ్ పరిశోధన చూపించింది.

అందుకే రెండు వైఫై పేర్లు పెట్టండి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లకు డబ్ల్యుపీఏ3-ఎస్ఏఈ మాత్రమే. ఈఎస్‌పీ8266 చిప్‌తో నడిచే స్మార్ట్ ప్లగ్‌లు, పాత ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్‌లో డబ్ల్యుపీఏ2, పాస్‌వర్డ్ పూర్తిగా వేరు. రెండో పేరుకి గెస్ట్ ఇంటర్‌ఫేస్ (విడి నెట్‌వర్క్), వేరే ఫైర్‌వాల్ జోన్ (దాని రాకపోకల నియమాలు) ఇవ్వాలి. ల్యాన్‌కే (ఇంట్లోని ప్రధాన నెట్‌వర్క్‌కే) కలిపేస్తే ఇంత శ్రమా వృథా. అప్‌డేట్లు రాని వస్తువులుంటే ఆ పేరుకి వైర్‌లెస్ సెక్యూరిటీలోనే క్రాక్ (డబ్ల్యుపీఏ2 మీద జరిగే ఒక దాడి) రక్షణ టిక్ పెట్టండి. ఏదైనా వస్తువు కనెక్ట్ కాకపోతే మొదట ఆ టిక్ తీసి చూడండి, తర్వాత 802.11డబ్ల్యు (వైఫై నియంత్రణ సందేశాలకు రక్షణ) సెట్టింగ్ చూడండి. డబ్ల్యుపీఏ2 పేరుకి అది "రిక్వైర్డ్"లో ఉంటే పాత పరికరాలు లోపలికి రాలేవు.

రౌటర్ కొనేముందు అడుగున స్టిక్కర్‌పై హార్డ్‌వేర్ వెర్షన్ చదవండి. ఒకే మోడల్ పేరుతో లోపలి చిప్ మారిపోతుంటుంది. 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్ ఉన్నవి, బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లున్నవి చాలావరకు దీనికి పనికిరావు.