పటచిత్రంలో (లెక్కలను బొమ్మల వరుసలతో చూపే పటంలో) ఒక బొమ్మకు 5 పెట్టాలా, 10 పెట్టాలా?

సోమవారం 40 మామిడిపండ్లు, మంగళవారం 25, బుధవారం 35, గురువారం 50 అమ్ముడయ్యాయనుకోండి. బొమ్మకు 5 చొప్పున గీస్తే 8, 5, 7, 10, మొత్తం 30 బొమ్మలు. అన్నీ నిండు బొమ్మలే. కానీ గీస్తూ గీస్తూ విసుగొచ్చి చివరి వరుసలో బొమ్మలు చిన్నవైపోతాయి. 10 బొమ్మల వరుస 8 బొమ్మల వరుసకన్నా పొట్టిగా కనిపిస్తుంది. గళ్ల కాగితం మీద గడికొక బొమ్మ గీయిస్తే ఈ తంటా ఉండదు.

10 చొప్పున అయితే సగం పనే: 4, రెండున్నర, మూడున్నర, 5. చిక్కల్లా చదవడంలోనే. బుధవారం మూడున్నర పండ్లే అమ్మారనే పిల్లలుంటారు, అర బొమ్మను నిండు బొమ్మగా లెక్కేసి 40 అనేవాళ్లూ ఉంటారు. పటం పైన 'ఒక బొమ్మ = 10 పండ్లు' అని, దాని పక్కనే 'అర బొమ్మ = 5' అని కూడా రాయించండి. అరలు ఇంకా రాని పిల్లలకు 5 నయం, వచ్చినవాళ్లకు 10. లెక్కలో 37 లాంటి సంఖ్య ఉంటే రెండూ ఇబ్బందే, కమ్మీ చిత్రం (సంఖ్యను పట్టీ పొడవుతో చూపే బార్ గ్రాఫ్) గీయడం మేలు.