పక్షవాతం తర్వాత ఇంటి దగ్గర ఫిజియోథెరపీ, నర్సింగ్: ఏడాది దాటి వాడాక

తిరుపతిలో ఇంటికే ఫిజియో, నర్సు కావాలని వెతుకుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఫిజియోథెరపీకి పెట్టిన ప్రతి రూపాయీ దక్కింది. అటెండర్‌ని పంపిన ఏజెన్సీతో మాత్రం నానా అవస్థ పడ్డాం. మా నాయనకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. ముక్కులోంచి కడుపులోకి ఆహారం పంపే రైల్స్ ట్యూబు, పక్కన యూరిన్ బ్యాగుతో డిశ్చార్జి చేశారు, అప్పటినుంచి ఏడాది దాటింది.

ఫిజియోగా వచ్చిన అబ్బాయి మొదటిరోజు వ్యాయామాల జోలికే పోకుండా మా అమ్మని, నన్ను పక్కన నిలబెట్టి మనిషిని ఎలా లేపాలో నేర్పించాడు. ‘అమ్మా, ఆ చెయ్యి పట్టి లాగొద్దండి, చంకల్లో చేతులు పెట్టి ఎత్తొద్దండి, భుజం కీలు జారిపోతుంది’ అని గట్టిగా చెప్పాడు. మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకు ఆనించి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంచి, నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని లేపితే, బక్కపలచని మా అమ్మ కూడా ఒక్కతే నాయనని నిలబెట్టగలిగింది! పాదం కిందికి జారిపోతుంటే బర్డ్ ఆసుపత్రిలో చూపించి స్ప్లింట్ చేయించమన్నదీ అతనే. మొదటి మూడు నెలల్లోనే కోలుకునే వేగం ఎక్కువ, కాబట్టి ఖర్చుకు వెనకాడకుండా అప్పుడు రోజూ పిలిపించుకోండి, తర్వాత రోజు విడిచి రోజు చాలు.

ట్యూబు తీసేయమని బంధువులు ఒకటే తొందరపెట్టారు గానీ, స్పీచ్ థెరపిస్టు మింగడం పరీక్షించి సరే అనేదాకా మేం ఒప్పుకోలేదు. పక్షవాతం వచ్చినవాళ్లకు మంచినీళ్లే ఎక్కువగా పొలమారతాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమ్ము చేస్తుంది. ఆమె చెప్పినట్టే రాగిజావ చిక్కగా కాచి, నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కిందికి వంచమని చెప్పి స్పూనుతో కొంచెం కొంచెం పట్టాం.

ఇక ఏజెన్సీ సంగతి. ఫోన్లో ‘నర్సు’ అన్నారు, రేటూ నర్సుకిచ్చేదే తీసుకున్నారు, వచ్చింది మాత్రం అటెండర్. నర్సులు చదివే జీఎన్ఎం కోర్సు అంటే మూడేళ్ల చదువు. ట్యూబు మార్చాలన్నా, ఇంజెక్షన్ చెయ్యాలన్నా నర్సింగ్ చదువున్నవాళ్లే కావాలి. వచ్చినామె మనసు మంచిదే, కానీ రాత్రిపూట రెండు గంటలకోసారి పక్క మార్చాలని ఆమెకి ఎవరూ చెప్పి పంపలేదు. ఒకరోజు పొద్దున ఒళ్లు తుడుస్తుంటే నడుం కింద ఎముక మీద ఎర్రటి మచ్చ కనిపించింది, వేలితో నొక్కినా తెల్లబడలేదు. బెడ్‌సోర్ మొదలయ్యేది అలాగే. ఎయిర్ బెడ్ అద్దెకు తెచ్చి వేశాం కదా అని ఊరుకోకూడదు, పక్క మార్చాల్సిందే. మేం రాత్రుళ్లు వంతులేసుకుని మార్చాక ఆ మచ్చ పోయింది.

గంగమ్మ జాతరకు ఆమె ఊరికి వెళ్లింది, వెళ్లడంలో తప్పేం లేదు. బదులు మనిషిని పంపిస్తామన్న ఏజెన్సీవాళ్లు ఎవర్నీ పంపలేదు, ఫోనూ ఎత్తలేదు, కట్టిన డబ్బూ తిరిగివ్వలేదు. దాంతో వాళ్లని మానేసి, ఫిజియో చెప్పిన చంద్రగిరి ఆమెను పెట్టుకున్నాం. ఆమె నాయనని ‘పెదనాయనా’ అని పిలుస్తుంది, ఏ టైముకు ఏ పక్కకు తిప్పిందీ, ఎంత తిన్నాడూ, యూరిన్ ఎంత వచ్చిందీ నోటుబుక్కులో రాసిపెడుతుంది. ఇప్పుడు నాయన నాలుగు కాళ్ల చేతికర్రతో వరండా దాకా నడుస్తున్నాడు, మాటలు ఒకటీ రెండూ వస్తున్నాయి.

చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు దగ్గర కాబట్టి, బాగాయంలోని సీఎంసీ ఆసుపత్రి రీహాబ్ (పునరావాస) విభాగంలో ఒకసారి అడిగి చూడండి. ఇంటికే మనిషిని పెట్టుకునేట్టయితే సర్టిఫికెట్, ఆధార్ చూడండి, సెలవు పెడితే బదులు ఎవరొస్తారో కాగితం మీద రాయించుకోండి, నెల మొత్తానికి అడ్వాన్స్ అడిగితే వారం వారం ఇస్తామని చెప్పండి.